పదిహేడో నంబరు గిన్నె

సోమవారం పొద్దున ఏడున్నరకి మందుగది కిటికీ పక్క బల్ల మీద కూర్చుని చావ్‌యున్ తలకు చుట్టుకున్న ఉన్నిగుడ్డ విప్పుతుంటే, ఆమె కళ్లలో తెలుపు లేదని అక్కడ మందు పోసే సూలన్ గమనించింది.

మొదట ఎండ అనుకుంది. నవంబరు ఎండలో మా ఊళ్లో అన్నీ కాస్త పచ్చగానే ఉంటాయి, గోడలూ, రాలిన ఆకులూ, బొగ్గుపొగ పట్టిన కిటికీ అద్దాలూ. తెర లాగి, ట్యూబులైటు వేసి మళ్లీ చూసింది. ఎండ పోయింది గానీ పసుపు పోలేదు.

"ఏంటే అలా గుచ్చి చూస్తావు? మొహాన మసేమన్నా అంటిందా?" అంది చావ్‌యున్.

"ఏం లేదక్కా. రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టడమా! మొద్దులా పడున్నా. మీ బావగారి గురక కూడా వినపళ్లా. మందంటే మందే. కాకపోతే పొద్దున్నే కొర్రగంజి చూస్తే కడుపులో తిప్పుతోంది. ఒకటికి వెళ్తే చిక్కటి టీ డికాషన్‌లా వస్తోంది. ఒంట్లో వేడి చేసిందేమో."

సూలన్ వేడినీళ్ల తొట్టి వైపు తిరిగింది. అందులో రెండు ప్లాస్టిక్ ప్యాకెట్లు తేలుతున్నాయి. ఒకదాని మీద పదిహేడు, రెండోదాని మీద ఇరవై మూడు. పదిహేడో నంబరు చావ్‌యున్‌ది. ఇరవై మూడు, తలుపు దగ్గర కూర్చుని అక్రోటు పప్పు నములుతున్న రెన్ అనే ముసలామెది. ఆమెది కొండ మీది ఊరు, కూతురింట్లో ఉంటూ రోజూ వస్తోంది.

నిద్ర పట్టని అరవైమంది ఆడవాళ్లకి వెన్ వైద్యుడి కషాయం పట్టి పరీక్షిస్తున్నారు మా మూలికల ఆసుపత్రిలో. సగం మందికి అసలు కషాయం, సగం మందికి మాడ్చిన బియ్యం నీళ్లు. రంగూ ఒకటే, చేదూ ఒకటే. ఎవరికి ఏది పోతోందో తాగేవాళ్లకి తెలియకూడదు, పోసేవాళ్లకి తెలియకూడదు, ఆఖరికి కషాయం కనిపెట్టిన ఇంటివాడైన వెన్‌కీ తెలియకూడదు. తాయ్‌యువాన్ నగరం నుంచి వచ్చిన డాక్టర్ ఫాన్ ఇనప బీరువాలో, సీలు వేసిన కవర్లలో మాత్రమే ఉందా సంగతి. అలా అయితే తప్ప బయటి దేశాల పత్రికలు మన చైనా వైద్యాన్ని నమ్మవట. అందరి కళ్లకీ గంతలు కట్టారు గానీ ముక్కుకి కట్టాలని ఎవరికీ తోచలేదు.

సూలన్ రెండు ప్యాకెట్ల మూలలూ కత్తిరించింది. ఇరవై మూడులోంచి ఆవిరితో పాటు తియ్యటి మట్టి వాసన, దాని వెనకే ఉడికిన నల్లసోయా వాసన వచ్చాయి. షోవూ దుంప, వెన్ కషాయంలో అసలు దినుసు. ఆ దుంపని దానిలోని చెడు పోయేదాకా సోయా నీళ్లలో ఉడికించి, ఎండబెట్టి, మళ్లీ ఉడికించడంలోనే ఇరవై ఆరేళ్లు గడిపిన మనిషికి ఆ వాసన కన్నబిడ్డ తల వాసన లాంటిది. పదిహేడులో మాడిన గింజ తప్ప ఇంకేం లేదు.

ఏడు వారాల కిందట మొదటి రోజే సూలన్‌కి తెలిసిపోయింది. ఆ మొదటి రోజే పదిహేడుని ఇరవై మూడు గిన్నెలోనూ, ఇరవై మూడుని పదిహేడు గిన్నెలోనూ పోసింది. సొంత తోడికోడలు, ఒకే వాకిట్లో ఎదురెదురు ఇళ్లు, రాత్రంతా లైటు వేసుకుని గుమ్మంలో కూర్చునే మనిషి. ఆమెకి చేతులారా బియ్యం నీళ్లు ఎలా పోస్తుంది? తోడికోడళ్లు ఉప్పూనిప్పూలా ఉండాలని లోకం పెట్టిన కట్టుబాటు వాళ్లిద్దరూ ఎప్పుడూ పాటించలేదు.

ఇవాళ కూడా చెయ్యి దాని అలవాటు ప్రకారం అది పోసేసింది. చావ్‌యున్ ముక్కు మూసుకుని గటగటా తాగి, ఎండు ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుంది. రెన్ చివరి చుక్క దాకా నెమ్మదిగా తాగి, గిన్నె తిరగేసి చూపించి, "మీ చేతి చలవ తల్లీ" అని దణ్ణం పెట్టింది. ఏడు వారాలుగా సూలన్ ఆ ముసలామె కళ్లలోకి చూడలేదు. పరాయి మనిషి నోటి దగ్గర మందు లాక్కుని మనవాళ్లకి పోసుకున్నదాన్ననే గిల్టు. ఇవాళ మాత్రం చూసింది. రెన్ కళ్లు ముడతల మధ్య తెల్లగా, ఒలిచిన వెల్లుల్లి రెబ్బల్లా ఉన్నాయి.

"అక్కా, పద పెద్దాసుపత్రికి" అంది సూలన్.

"ఎందుకే?"

"పదమంటున్నానా!"

ఆ గొంతుకి చావ్‌యున్ ఉన్నిగుడ్డ మళ్లీ చుట్టుకుని లేచింది.

మంగళవారం మధ్యాహ్నానికి చావ్‌యున్ పెద్దాసుపత్రి మూడో అంతస్తులో మంచం మీద ఉంది. లివర్ పరీక్షలో అంకెలు ఉండాల్సినదానికి ఇరవై రెట్లు ఉన్నాయన్నారు. వైరస్ పరీక్షల్లో ఏం తేలలేదు. ఏమన్నా మందులు వాడుతున్నారా అని అక్కడి డాక్టరమ్మ అడిగితే, చావ్‌యున్ గర్వంగా, "వెన్ వైద్యుడి పరీక్షలో ఉన్నానండీ, పదిహేడో నంబరు" అని చెప్పింది. డాక్టరమ్మ ఫాన్‌కి ఫోన్ చేసింది. ఇలాంటప్పుడు ఒక్క కవరు తెరవచ్చునట, అయితే ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలట.

ఆ సాక్షుల్లో ఒకరు వెన్. మందు పోసే మనిషి కాబట్టి రెండో సాక్షి సూలన్.

ఫాన్ బీరువా తాళం తీశాడు. డెబ్బై మూడేళ్ల వెన్ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన చూపుడువేలు ఊరికే కదులుతోంది, ఎవరి నాడో పట్టుకున్నట్టు. ఆ కషాయం ఆయన తండ్రిది. అది విదేశీ పత్రికలో అచ్చయ్యే రోజు కోసం ఆయన ఈ వయసులో కంప్యూటర్ ముందు కూర్చోవడం నేర్చుకున్నాడు. పదిహేడో నంబరు కవర్లో ఏముందోనని ఆయన భయం. ఏముందో తెలిసిన భయం సూలన్‌ది.

ఫాన్ కవరు చింపి కాగితం చదివాడు. భుజాలు దించి ఊపిరి వదిలాడు.

"బియ్యం నీళ్లే."

"ఏంటి?" అన్నాడు వెన్, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"ఆవిడ తాగింది బియ్యం నీళ్లు గురువుగారూ. మన మందుకీ ఆవిడ లివర్‌కీ సంబంధం లేదు."

వెన్ కళ్లు మూసుకున్నాడు. "పాపం పిచ్చిది" అన్నాడు తర్వాత. "ఏడు వారాలు ఉత్తి నీళ్లు తాగిందన్నమాట."

"ఇక్కడ సంతకం పెట్టండి సూలన్‌గారూ" అని ఫాన్ కాగితం జరిపాడు.

ఇప్పుడు చెప్పాలి అనుకుంది సూలన్. నోరు తెరిచింది. చెప్తే ఉద్యోగం పోతుంది, అది పోతే పోయింది. చెప్తే ఈ ముసలాయన మొహంలోకి ఇప్పుడే వచ్చిన రక్తం మళ్లీ ఇంకిపోతుంది. అయినా దుంప వల్లే అని ఎవరు చెప్పారు? ఊళ్లో ఎంతమంది తాగలేదు ఆ దుంప? తన అత్తగారు జుట్టు నెరవకుండా ఏళ్ల తరబడి తాగింది, ఎనభై దాటి పోయింది. ఇలా లోపల ఒకటికి పది చెప్పుకుంటూనే కలం పట్టుకుంది. సంతకం తనది కాదన్నట్టు వంకరగా పడింది.

బయటికొచ్చాక ఆమెకి కామెర్ల రోగికి లోకమంతా పచ్చగా కనిపించడమంటే ఏమిటో అర్థమైంది. రోగం అక్కది, పచ్చ తన కళ్లకి. బస్సు పచ్చగా, బండి మీద కాలుతున్న చిలగడదుంపలు పచ్చగా, ఎదురొచ్చిన ప్రతి మనిషి కనుగుడ్డూ పచ్చగా.

పెద్దాసుపత్రిలో చావ్‌యున్ అలిగి కూర్చుంది. "విన్నావా, బియ్యం నీళ్లట! చదువుకున్నవాళ్లు చేసే పనేనా ఇది? నీకు ముందే తెలుసా?"

"నాకెలా తెలుస్తుందక్కా."

"అంతేలే. విచిత్రం చూడు, ఆ నీళ్లకే నాకు నిద్ర పట్టిందే." నవ్వబోయి, కడుపు పట్టుకుని పక్కకి ఒరిగిపోయింది. "ఈ లివర్ ఎందుకు చెడిందో వీళ్లకి అంతు చిక్కట్లేదట. తగ్గకపోతే పక్కలోంచి సూది పొడిచి ముక్క తీస్తారట. నాకు భయంగా ఉందే."

చావ్‌యున్ నోట భయమన్న మాట సూలన్ ఎప్పుడూ వినలేదు. ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని నొక్కుతూ కూర్చుంది. పాదాల చర్మం కూడా పచ్చబడుతోంది.

బుధవారం తెల్లారేసరికి సూలన్ తన వంటింట్లో మూకుడు పెట్టి బియ్యం మాడుస్తోంది.

"ఏంటా కంపు? ఇల్లు తగలెట్టేస్తావా?" అన్నాడు ఆమె మొగుడు దుప్పట్లోంచి.

"ఆసుపత్రి పని. పడుకో."

గింజలు నల్లబడ్డాక నీళ్లు పోసి, మరిగించి, కాకరకాయ ముక్క వేసి, వడగట్టి ఫ్లాస్కులో నింపింది. నిన్నటిదాకా పదిహేడో నంబరు ప్యాకెట్ వచ్చింది, ఇవాళ్టి నుంచి రాదు. ఇరవై మూడు ఒక్కటే ఉంది, అది అసలుది. మార్చడానికి రెండో ప్యాకెట్ లేదు. రెన్‌కి న్యాయంగా రావలసినది ఇన్నాళ్లకి రెన్‌కి దక్కాలి. కానీ సూలన్‌కి ఆ ముసలామె కళ్లు గుర్తొచ్చాయి, ఒలిచిన వెల్లుల్లి లాంటి కళ్లు.

మందుగదిలో ప్యాకెట్ కత్తిరించి, దగ్గొచ్చినట్టు తల తిప్పి, కషాయం కుళాయి కింది తొట్టిలోకి వదిలేసింది. ఫ్లాస్కులోది గిన్నెలో పోసింది. రెండు చుక్కలు బల్ల మీద పడితే చొక్కా చేతితోనే తుడిచేసింది.

"ఇవాళ కాస్త చేదెక్కువైంది తల్లీ" అంది రెన్ తాగి. "చేదైతేనేం, మంచిదే. మా ఆయన పోయాక నేను నిద్రపోతున్నది ఇప్పుడే. నెల నిండినప్పుడు రక్తం తీశారు చూడు, అంతా బాగుందన్నాడు ఆ కుర్ర డాక్టరు. ఇదిగో, మా చెట్టువి." సంచిలోంచి పండిన పెర్సిమన్ పళ్లు ఆరు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. "మీకు మూడు, వెన్ గారికి మూడు. ఇంత మంచి మందు చేసినందుకు."

సూలన్ ఆ పళ్ల వైపు చూస్తూ నిలబడింది. ఈ మనిషికి తను చేసింది ద్రోహమనుకుంది. చావ్‌యున్‌కి చేసింది మేలనుకుంది. రెండూ తలకిందులయ్యాయేమోనన్న ఆలోచన ఆమెకి అప్పుడు పూర్తిగా తట్టింది.

రెన్ వెళ్లిన గంటకి, సూలన్ మూలికలు తూచి కట్టే గల్లా దగ్గరికి చావ్‌యున్ మొగుడు వచ్చాడు. చేతిలో వెన్ రాసిన చీటీ.

"గురువుగారు రాత్రి వార్డుకొచ్చి చూశారు" అన్నాడు సంబరంగా. "మీ ఆవిడకి అన్యాయం జరిగింది, పరీక్షలోంచి బయటికొచ్చింది కాబట్టి ఇక అసలుది ఇచ్చేస్తాను, కామెర్లకి వాళ్ల మందు వాళ్లిస్తారు, నిద్రకీ నీరసానికీ నాది, అన్నారు. పదిహేను రోజులకి కట్టివ్వమ్మా. నువ్వయితే మంచి దినుసు చూసి వేస్తావు."

సూలన్ చీటీని రాగి బరువు కింద పెట్టి, చేతి త్రాసు అందుకుని, గల్లా మీద పదిహేను కాగితాలు పరిచింది. ఎప్పటిలా చీటీలో పైనుంచి ఒక్కో దినుసూ తీస్తూ వెళ్లింది. రేగి గింజలు. తామర గింజలు. పుట్టకొక్కు ముక్కలు. అవి తూచి కాగితాల్లోకి సమంగా వదులుతుంటే ఆమె ఊపిరి కూడా మామూలుగానే ఉంది. నాలుగోది షోవూ. ఎడమ వైపు మూడో వరస అర. అర లాగింది. ఎర్రటి, నల్లటి దుంప ముక్కలు, తను ఎండబెట్టినవే. గుప్పిట్లోకి తీసుకుంది. త్రాసు పళ్లెం మీద చెయ్యి ఆగిపోయింది.

"ఏమ్మా, దినుసు లేదా?"

"ఉంది బావగారూ."

"మరి?"

"ఇవ్వను."

గల్లా ముందు వరసలో ఉన్నవాళ్లు తల ఎత్తి చూశారు. మందు చీటీలో తేడా ఉందనిపిస్తే కట్టకుండా తిప్పి పంపే హక్కు తూచేవాళ్లకి ఉంది. పుస్తకాల్లో ఉన్న ఆ హక్కుని ఇరవై ఆరేళ్లలో సూలన్ ఒక్కసారీ వాడలేదు, అదీ వెన్ చీటీ మీద.

"నీకేమన్నా మతి పోయిందా? ఆయన చేత్తో రాసింది కనపళ్లా?"

ఆమె దుంప ముక్కలు అరలో పోసి, చీటీ తీసుకుని మేడ మెట్లెక్కింది. ప్రతి మెట్టు దగ్గరా వెనక్కి తిరిగిపోదామనిపించింది. తిరిగిపోలేదు, ఎందుకంటే కింద పదిహేను కాగితాలు విప్పి ఉన్నాయి.

వెన్ గదిలో ఫాన్ కూడా ఉన్నాడు. కూర్చోబెట్టి అడిగి ఉంటే ఆమె ఏడ్చేదేమో. నిలబడే, గబగబా, మార్కెట్లో బేరం చెప్పినట్టు చెప్పేసింది. మొదటి రోజు నుంచీ. పదిహేడు ఇరవై మూడులో, ఇరవై మూడు పదిహేడులో.

"ఎందుకు చేశావమ్మాయ్?" అని మాత్రం అడిగాడు వెన్.

"మీ మందు మంచిదని."

ఫాన్ లేచి నిలబడ్డాడు. "అబద్ధం. ఏది ఏదో మీకెలా తెలుస్తుంది? నేను స్వయంగా సీలు వేసి తెచ్చినవి అవి!"

"వాసన."

"వాసనా!" ఆయన నవ్వాడు గానీ నవ్వులో పస లేదు. "వాసనని నమ్మి రెండేళ్ల పని చెత్తలో పొయ్యమంటారా? ఆవిడ మీ బంధువు. నష్టపరిహారం కోసం అల్లిన కథ కాదని నమ్మకమేంటి?"

"పరీక్ష పెట్టు నాయనా" అన్నాడు వెన్ మెల్లిగా. "అదే కదా నీ విద్య."

ఫాన్ కాసేపు ఆలోచించి, బీరువాలోంచి ఎవరికీ కేటాయించని ప్యాకెట్లు ఆరు తీశాడు. వాటి గుర్తులు ఆయన కాగితంలోనే ఉన్నాయి. వేడినీళ్లలో ముంచి, ఆరు గిన్నెల్లో పోశాడు. సూలన్ కళ్లకి తన మెడలోని మఫ్లర్ కట్టాడు. ఉన్ని, సిగరెట్ వాసన.

ఒక్కటైనా తప్పు చెప్పాలని ఆ క్షణంలో ఆమె నిజంగా కోరుకుంది. తప్పయితే తను పిచ్చిది. పిచ్చిదయితే చావ్‌యున్ తాగింది బియ్యం నీళ్లే అయి ఉండవచ్చు.

"బియ్యం" అంది మొదటి గిన్నెకి. రెండోదాన్ని మూతి దాకా ఎత్తకుండానే, "దుంప." మూడోది, "దుంప." నాలుగోది, "బియ్యం. అయిదోదీ అంతే." ఆరో గిన్నె దగ్గర ఆగింది. "దుంప. కానీ ఇందులో సోయా సరిగ్గా పట్టలేదు. సగం ఉడికింది. ఇలాంటివి మధ్యలోంచీ వస్తున్నాయి, ఇది మా దగ్గర ఉడికించింది కాదు."

ఆమే మఫ్లర్ లాగేసుకుంది. ఫాన్ చేతిలో కాగితం ఉంది. ఆయన మొహం చూస్తే ఆరుకి ఆరూ అని చెప్పనక్కర్లేదు.

"తొమ్మిదో నంబరు" అన్నాడు ఫాన్, తనలో తను. "నాలుగో వారం రక్తంలో లివర్ కాస్త పెరిగింది. సారా తాగుతుందని పక్కన పెట్టాను. తొమ్మిది... తొమ్మిది కవరు తెరవాలి." బీరువా మళ్లీ తెరిచాడు. కాసేపటి కిందట అరిచిన మనిషి అప్పుడు పరీక్షలో తప్పిన కుర్రాడిలా ఉన్నాడు. కవర్లో అసలు మందే అని చదివి, కుర్చీలో కూలబడి, ఫోన్ అందుకుని మొత్తం అరవైమందికీ మందు ఆపి రక్తం తియ్యమన్నాడు.

వెన్ ఆ ఫోన్ వింటున్నాడో లేదో తెలియదు. నాడి పట్టే తన కుడిచేతి మూడు వేళ్లని ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటున్నాడు. "నలభై ఎనిమిదేళ్లు" అన్నాడు. "కషాయం తాగి బాగయినవాళ్లు మళ్లీ వచ్చి దణ్ణం పెట్టేవారు. రానివాళ్లు కూడా బాగయ్యారనే అనుకున్నాను. రానివాళ్లని ఎవరు వెతికారమ్మాయ్?"

తిడతాడని సూలన్ భయపడిన మనిషే ఆమె కంటే ఎక్కువ భయపడుతున్నాడు. ఆయన కప్పులో వేడినీళ్లు పోసి చేతికిచ్చింది. ఆయన తాగలేదు. సూలన్ చేతిలోంచి తన చీటీ తీసుకుని, అడ్డంగా గీత కొట్టి, గీత పక్కన సంతకం పెట్టి, తేదీ వేశాడు.

గురువారం పొద్దున పెద్దాసుపత్రి డాక్టరమ్మకి ఫాన్ అంతా చెప్పాడు. కారణం తెలిసింది కాబట్టి ఆమె సూది పొడిచే పని ప్రస్తుతానికి వద్దంది. దుంప ఆగింది కనుక చాలామందికి తనంతట తనే తగ్గుతుందనీ, కొందరికి తగ్గదనీ, ఈ వారం అంకెలు చూస్తే గానీ ఏ గుంపో తెలియదనీ చెప్పింది. రోగికి తను చెప్తానని ఫాన్ అన్నాడు. వద్దు, నేనే చెప్తానంది సూలన్.

చావ్‌యున్ దిండుకి ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు చేతిలో పట్టుకుని ఉంది, తినడానికి కాదు, అలవాటు కొద్దీ. రెండ్రోజుల్లో మొహం కొర్ర పిండి రంగుకి తిరిగింది. పక్క మంచం మీద పిత్తాశయంలో రాళ్లున్న ఆవిడెవరో నారింజ ఒలుచుకుంటోంది.

"మందు తేలేదేం?" అంది చావ్‌యున్. "మీ బావగారు చెప్పారు, కట్టనని పేచీ పెట్టావట. వరసలో అందరూ చూశారట."

సూలన్ స్టూలు మీద కూర్చుంది.

"అక్కా, నువ్వు తాగింది బియ్యం నీళ్లు కాదు."

"ఏంటీ?"

"నీకొచ్చింది బియ్యం నీళ్లే. నేను మార్చాను. ఆ కొండూరి ఆవిడ మందు నీ గిన్నెలో పోశాను. వాసన చూసి తెలుసుకున్నాను. నీ లివర్ చెడింది ఆ మందు వల్ల. నా వల్ల."

చావ్‌యున్ చేతిలోంచి గింజలు ఒక్కొక్కటే దుప్పటి మీద రాలాయి.

"ఎప్పట్నుంచీ?"

"మొదటి రోజు నుంచీ."

"ఏడు వారాలూ? ఒక్క రోజు కూడా మానకుండా?"

"అక్కా..."

చావ్‌యున్ ముందుకి వంగి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. సూలన్ కళ్లు మూసుకుంది. చెంప మీద పడుతుందనుకుంది. పడాలని కూడా అనుకుంది.

"ఒసేయ్, నాకు తెలుసే" అంది చావ్‌యున్. గొంతులో కోపం లేదు. "ఆ డాక్టరు బియ్యం నీళ్లన్నప్పట్నుంచీ మనసులో ఒకటే ముల్లు. సూలన్ చేత్తో పోసింది ఉత్తి నీళ్లెలా అవుతాయని మీ బావగారితో రాత్రి పోట్లాడాను కూడా. అయితే అసలుదే పోశావన్నమాట. నాకే!" పక్క మంచం వైపు తిరిగింది. పచ్చటి కళ్లు తడిగా మెరుస్తున్నాయి. "విన్నారా వదినా? అరవైమందిలో ఏరి నాకే పోసిందట అసలు మందు. సొంత అక్క చెయ్యదు ఇలా."

నారింజ ఒలిచే ఆవిడ తల ఊపింది.

"అది కాదక్కా, ఆ మందే నిన్ను..."

"ఊరుకో. మందు పడకపోవడం నా ఒంటి ఖర్మ. నువ్వేం చేస్తావు."

తిట్టి ఉంటే సూలన్ భరించేది. చెప్పుతో కొట్టి ఉంటే ఇంకా తేలిగ్గా భరించేది. ఈ గర్వాన్ని ఎలా మొయ్యాలో ఆమెకి తెలియలేదు. మణికట్టు విడిపించుకోబోయింది. చావ్‌యున్ వదల్లేదు. ఇంతలో రక్తం తియ్యడానికి నర్సు ట్రేతో వచ్చి, రెండో చెయ్యి చాపమంది.